బట్టీ దగ్గర బావ

రోహిణి కార్తె. పొద్దున ఎనిమిదింటికే పిడుగురాళ్ల మండిపోతోంది. సున్నపు బట్టీ కింద జక్కయ్య, యాకోబు కాలిన రాయి లాగుతున్నారు.

యాకోబు వేరే గ్రహం నుంచి వచ్చాడు. హాజరు పుస్తకంలో పేరు కావాలంటే జక్కయ్యే యాకోబు అని రాయించాడు. వరస కూడా కలిపి "బావా" అనడం నేర్పాడు. యాకోబు ఎర్రగా కాలిన రాయిని వట్టి చేతులతో తీస్తాడు. నలుగురి పని ఒక్కడే చేస్తాడు.

అది చూసి ఓనరు జక్కయ్యను పని మానుకోమన్నాడు.

"బావ లేకపోతే నేనూ చెయ్యను," అన్నాడు యాకోబు.

ఓనరు చేసేది లేక ఇద్దరినీ ఉంచాడు. యాకోబును మంచి చేసుకోవాలని జక్కయ్యను మేస్త్రీని కూడా చేశాడు.

మంగళవారం జక్కయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. యాకోబు వచ్చి ఆ కుర్చీ చేతి మీదే కూర్చుని, "టీ తాగుదామా బావా?" అన్నాడు. సున్నం ఎత్తుతున్న ఆడకూలీలు కిసుక్కుమన్నారు.

"ఏందిరా ఇది? నలుగుర్లో బావా గీవా అనమాక. మేస్త్రీగారూ అను. లెగిసి అట్టా దూరంగా నిలబడు."

"చుట్టరికం పోయిందా?"

"చుట్టరికం ఇంటికాడ. మీ లోకంలో పెద్దా చిన్నా లేదా ఏంది?"

"చానా ఉంది, మేస్త్రీగారూ. అక్కడ నేనే మేస్త్రీని. అందరూ దూరంగానే నిలబడేవాళ్లు. అందుకే ఇంత దూరం వచ్చా."

బుధవారం పొద్దున ఆరింటికి యాకోబు వెళ్లిపోయాడు. పదింటికి ఓనరు పొమ్మంటే జక్కయ్య వెళ్లాడు.