పద్నాలుగో పేజీ

కొళాయిల ఫ్యాక్టరీలో గుండెలు మాయమవుతున్నాయి. రోజుకు నాలుగు. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు.

పోతున్నవి సాక్షాత్తూ యజమానమ్మ గుండెలు. లుకాంగ్ ఊళ్ళో కొత్త సంవత్సరం దగ్గర పడుతోందని ఆవిడ ముల్లంగి కేకు వండి, ఫోటో తీసి, ఫ్యాక్టరీ ఫోన్ గ్రూపులో పెట్టింది. సిబ్బంది యాభై ముగ్గురూ దాని కింద తలో ఎర్ర గుండె బొమ్మ నొక్కారు. నొక్కక చస్తారా? పది రోజులు తిరిగేసరికి పదమూడు మిగిలాయి.

"నా కేకంటే ఎవడికో కడుపుమంట," అని ఆవిడ మొగుడి మీద విరుచుకుపడింది. "ఏవండీ, ఆ దొంగెవడో తేల్చండి. తేల్చకపోతే ఇకమీదట నేను కేకే చెయ్యను."

యజమాని షీ మొహంలో ఏదో ఆశ మెరిసింది. వెంటనే దాన్ని మింగేసి, ఆఫీసులో పనిచేసే పేయ్-జూ అనే అమ్మాయిని పిలిచాడు.

గ్రూపులో బొమ్మల పెత్తనమంతా దోదో అనే చాట్‌బాట్‌ది. ఆ మధ్య ఫోర్‌మన్ అత్తగారి చావు కబురు కింద ఎవరో పగలబడి నవ్వే బొమ్మ నొక్కితే, ఇలాంటివి పీకడానికని దాన్ని పెట్టారు. తయారుచేసింది ఫ్యాక్టరీ కంప్యూటర్ల పని చూసే ఆ-క్వాన్. దాన్ని ఎలా వాడాలో ముప్పై పేజీల పుస్తకం రాసింది పేయ్-జూ. పద్నాలుగో పేజీ, పడ్డ బొమ్మని ఎవరైనా సరే దోదో చేత ఎలా పీకించొచ్చో.

"చూడమ్మాయ్," అన్నాడు షీ. "ఏడాది పాటు రాశావు. ఆ పుస్తకం చదివినవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూళ్ళేదు. విందు రోజుకి దొంగనైనా చూపించు, చదివినవాణ్ణయినా చూపించు. రెండూ కాకపోతే కోడి తల నీ వైపే."

ఏడాది చివరి విందులో కోడి తల ఎవరి వైపు తిరిగితే వాళ్ళ ఉద్యోగం ఊడినట్టు. తాతల నాటి ఆనవాయితీ. ఈ రోజుల్లో దయగల యజమానులు ఆ తలని ఆకు కింద దాచేస్తారు. షీ దాచేలా లేడు.

తిన్నగా ఆ-క్వాన్ దగ్గరికి వెళ్ళింది.

"నిజం చెప్పన్నా. దోదో తాళాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి."

"పీకాలనుకుంటే ఒక్కసారే యాభై మూడూ పీకేసేవాణ్ణి తల్లీ. రోజుకు నాలుగేసి పీకడానికి నేనేమన్నా పళ్ళ డాక్టర్నా?"

"మరెవరు?"

"దోదోనే అడుగు. ఎవరు పీకారో అంతా రాసుకుంటుందని నీ పుస్తకంలోనే ఉందిగా."

పేయ్-జూ కళ్ళు వెలిగాయి. "అయితే నువ్వు చదివావన్నమాట!"

"లేదు. అది రాయమని చెప్పింది నేనే."

దోదోని అడిగింది. మూలనున్న ముసలి కంప్యూటరు మీద నడిచే దోదో, పది రోజుల చిట్టా తిరగేసుకుంటూ కూర్చుంది. అది తేల్చేలోపే విందు మొదలైంది, బల్ల మీదికి కోడి వచ్చేసింది.

తల నిటారుగా ఉంది. యాభై ముగ్గురూ ఎవరికి వాళ్ళు కుర్చీలు కాస్త పక్కకి జరుపుకున్నారు.

షీ పళ్ళెం అంచు మీద చెయ్యేశాడు. పక్కనే యజమానమ్మ, దొంగ కళ్ళలో పొడిచేట్టు చాప్‌స్టిక్కులు పట్టుకుని కూర్చుంది.

"ఊఁ, చెప్పమ్మాయ్. ఎవరు?"

సరిగ్గా అప్పుడే పేయ్-జూ ఫోను గుయ్యిమంది, దోదో తేల్చేసింది. చదివింది. ఫోనుని బల్ల కిందుగా షీ చేతిలో పెట్టింది.

షీ ఫోను చూశాడు. కోడిని చూశాడు. ఇంకోసారి ఫోను చూశాడు. ఉన్నట్టుండి కోడి తల పుటుక్కున విరిచి నోట్లో కుక్కుకుని కరకరా నమిలేశాడు.

"దొంగా లేడు, గింగా లేడు," అన్నాడు నిండిన నోటితో. "అమ్మాయ్, వచ్చే ఏడు కూడా పుస్తకం నువ్వే రాయి. చదివేవాళ్ళున్నారు."

"ఎందుకుండరూ, నేను లేనూ?" యజమానమ్మ గర్వంగా పేయ్-జూ భుజం తట్టింది. "పద్నాలుగో పేజీలో ఎలా చెప్పావో అలాగే, ఎవరి జోలికీ పోకుండా నా కేకు ఫోటో మీదే రోజుకు నాలుగుసార్లు అభ్యాసం చేస్తున్నానమ్మా... అభ్యాసమంటే ఉత్తుత్తిదే కదా!"