పాయింటు పక్కన సున్నాలు

"నేను సైన్స్ ఫెయిర్‌కి వెళ్లను," అంది జాహ్నవి, షూ లేసులు కట్టుకోవడం ఆపేసి.

స్కూల్ బస్సుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఫెయిర్ రేపే. గ్రాఫులు పెట్టే మూడు మడతల అట్ట సగమే అంటించి డైనింగ్ టేబుల్ మీద పడి ఉంది. ఉజ్వల కూతురి లంచ్ బాక్సు మూత పెట్టింది. సరిగ్గా పడిందో లేదోనని తీసి, మళ్లీ పెట్టింది.

అక్టోబరు తుఫాను దగ్గర్నుంచీ ఆమెది ఇదే వరస. అప్పుడు న్యూయార్క్ పక్కనున్న ఈ జెర్సీ సిటీ వీధుల్లోకి నీళ్లొచ్చాయి. వాళ్ల అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో కార్లు మునిగాయి. కరెంటు లేక, పిల్ల చెయ్యి పట్టుకుని పద్నాలుగు అంతస్తులు తడుముకుంటూ దిగింది. ఇప్పుడు మార్చి. అయినా కిటికీ అద్దం గాలికి కదిలితే చాలు, లేచి కిందికి చూస్తుంది.

మళ్లీ వస్తాయా ఆ నీళ్లు? ఎవరినడిగినా ఒక్కో మాట. టీవీలో రోజూ ఇద్దరు కూర్చుని అరుచుకుంటారు. మనం వదిలే పొగ వల్లే భూమి వేడెక్కుతోందని ఒకరు. అంతా కట్టుకథని ఇంకొకరు. ఇంటర్ మధ్యలో చదువాపేసి పెళ్లి చేసుకొచ్చిన ఉజ్వలకి, ఎవరు మాట్లాడుతుంటే అప్పటికి వాళ్లే నిజమనిపించేది.

అందుకే జాహ్నవి ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు తనూ పక్కన కూర్చుంది. మీ కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరి పాత టెంపరేచర్లు తీసి గ్రాఫ్ గీయమంది టీచర్. జాహ్నవి వాళ్ల నాన్న భాస్కర్ పుట్టిన ఊరు తీసుకుంది.

"ఆ ఊరెందుకే? న్యూయార్క్ తీసుకోరాదూ, పేరున్న ఊరు," అన్నాడు తాతయ్య కొండల్ రావు.

ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని డిసెంబర్లో వచ్చాడు. పొద్దున్నే ఎనిమిదింటికి బాల్కనీ తలుపు కొంచెం తీసి, అరచెయ్యి బయటపెట్టి, "నాలుగు డిగ్రీలు" అనేవాడు. ఉజ్వల ఫోన్లో చూస్తే నాలుగో, ఐదో ఉండేది. అలాంటి మనిషి భూమి వేడెక్కుతోందన్న మాట ఎత్తితే మాత్రం మండిపడేవాడు.

మొన్న ఆదివారం తొమ్మిదో అంతస్తు హనుమయ్య కాఫీకి వస్తే పెద్ద వాదనే అయింది.

"సైంటిస్టుల కంటే మీకెక్కువ తెలుసా కొండల్ రావుగారూ?" అన్నాడు హనుమయ్య, బిస్కెట్ కాఫీలో ముంచుతూ.

"వాళ్ల గ్రాఫులు సరేనండీ. మొదట ఆ అంకె వేసినవాడెవడు? ఆ పొద్దున వాడు థర్మామీటర్ చూశాడో లేదో మీరు చూశారా?"

"అయితే ఊరూరా అందరూ అబద్ధాలే రాశారంటారు."

"అందరి సంగతీ నాకెందుకు? ఒక్కడు రాస్తే చాలదూ?"

"ఆ లెక్కన మీ పోస్టాఫీసులో వేసిన ఉత్తరాలు కూడా చేరలేదేమో." హనుమయ్య పకపకా నవ్వాడు.

కొండల్ రావు నవ్వలేదు. ఆయన కాఫీ అలాగే చల్లారిపోయింది.

సోఫా వెనక క్రేయాన్లు చెక్కుకుంటున్న జాహ్నవి అంతా విన్నది. మర్నాడే తల్లిని లాప్‌టాప్ ముందుకి లాక్కొచ్చింది.

"అమ్మా, చూడు. అన్ని ఇయర్స్‌లో ట్వెంటీ సిక్స్ పాయింట్ త్రీ, ట్వెంటీ సెవెన్ పాయింట్ ఎయిట్, అలా ఉంది. ఈ ఫోర్ ఇయర్స్ మాత్రం పాయింట్ పక్కన అన్నీ జీరోలే. ఎవ్రీ డే జీరో."

టీచర్‌కి మెయిల్ పెట్టారు. ఆ నాలుగేళ్లూ వదిలేసి మళ్లీ గీయమని జవాబొచ్చింది. గీసింది. మధ్యలో ఖాళీ వచ్చిందే గానీ, గీత అప్పటికీ పైకే పోయింది. ఉజ్వల ఆ గీతని వేలితో తడిమి చూసింది. ఆ రాత్రి కూడా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు తీరా బస్సు వేళకి ఈ పేచీ.

"జడ్జి ఈ గ్యాప్ ఏంటని అడుగుతారు. నేనేం చెప్పాలి? ఫోర్ ఇయర్స్ ఫేక్ అయితే అన్నీ ఫేకే కదా. తాతయ్య అదే అన్నారు."

ఉజ్వల అట్ట మీది ఆ ఖాళీ వంక చూసింది. భాస్కర్ ఏడుంపావు రైలుకే మన్‌హట్టన్ వెళ్లిపోయాడు. ఉన్నా, "నాన్నతో పెట్టుకోకు" అని తప్పుకునేవాడే. బాల్కనీ తలుపు దగ్గర మామగారు ఎప్పటిలా చెయ్యి బయటపెట్టి నిలబడి ఉన్నాడు. పెళ్లయిన పదేళ్లలో ఉజ్వల ఆయనకి ఎదురు మాట్లాడింది లేదు.

"మామయ్యగారూ, రేపు పిల్ల పదిమందిలో నిలబడాలి. నాకూ తెలియాలి. ఈ పిల్లని పెట్టుకుని ఇక్కడ ఉండొచ్చో లేదో తెలియక నాకు కంటిమీద కునుకు లేదు. ఎవరూ చూసి రాయలేదని మీకెలా తెలుసు?"

తలుపు సందులోంచి చలిగాలి లోపలికొస్తోంది. టేబుల్ మీది అట్ట టపటపలాడింది.

"మిగతా ఏళ్లన్నీ ఉంచమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "వాళ్లు చూసే రాశారు."

"మరి ఆ ఫోర్ ఇయర్స్, తాతయ్యా?"

ఆయన చెయ్యి లోపలికి తీసుకుని, ఆ ఎర్రబడ్డ అరచేతి వంకే చూస్తూ అన్నాడు:

"ఆ ఊళ్లో వాతావరణ శాఖ కోసం మా పోస్టాఫీసు వెనక పెట్టెలో ఉంచిన థర్మామీటర్ నా చేతిలోనే పగిలింది తల్లీ, పైకి రాస్తే జీతంలో కోస్తారని, ట్రాన్స్‌ఫరయ్యేదాకా నాలుగేళ్లూ రోజూ పొద్దున్న ఇలాగే చెయ్యి బయటపెట్టి ఆ అంకెలు వేసింది నేనే."