బండలో మద్దిలేటి గొంతు

ఎండలకు తాళలేక బేతంచెర్ల జనం పాత నాపరాతి గనుల్లోనే ఇళ్లు తొలుచుకుని పదేళ్లయింది. ప్రతి ఇంటి గోడకూ ఒక చెవిపెట్టె ఉంటుంది. పై పొర ఒకవైపు, కింది పొర ఇంకోవైపు తోసుకుంటుంటే రాయి ముందు లోలోపల సన్నగా చిట్లుతుంది. ఆ చప్పుడు విని పెట్టె మనిషి గొంతుతో హెచ్చరిస్తుంది. ఆ గొంతు గనిమేస్త్రీ మద్దిలేటిది. మాటలు రికార్డు చేసి ఇచ్చిన ఏడాదే అతను బండ కింద పడి చనిపోయాడు.

అతని భార్య సుంకులమ్మ రోజూ ఆ గొంతు వింటూనే జొన్నరొట్టెలు తట్టేది. "గోడ బాగుంది" అని అది అంటే, "ఊఁ" అనేది.

ఒక మధ్యాహ్నం మాట మారింది. "పొర జారుతాంది. బయటికి రాండి."

వీధంతా పరుగెత్తింది. సుంకులమ్మ మాత్రం గోడకు చెయ్యానించి నిలబడిపోయింది. ఆ మాట ఆమె ఇన్నేళ్లలో ఎన్నడూ వినలేదు.

"అమ్మా, రా!" కూతురు మౌనిక అరిచింది.

"ఉండే. మీ నాయన ఇంగేమన్నా చెప్తాడేమో."

"చెప్పింది అదే గదమ్మా, రమ్మని!"

మౌనిక రెక్క పట్టి ఈడ్చుకొచ్చింది. వాళ్లు మెట్లెక్కిన కాసేపటికే బండ అడ్డంగా తెగి, మీది పొర ఇంటిమీదికి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పెట్టె మాత్రం ఆగలేదు. మూడు రోజులు రాళ్ల కింది నుంచి "బయటికి రాండి" అని పిలుస్తూనే ఉంది. జనం అటు వెళ్లడం మానేశారు. మూడోనాడు సుంకులమ్మ ఒక్కతే పోయి రాళ్ల మీద కూర్చుంది.

"అందరం వచ్చినాంలేయ్యా," అంది. "ఇంగ నువ్వు పనుకో."

గొంతు మరో రెండుసార్లు పిలిచి ఆగిపోయింది.