స్కానాయన వచ్చేదాకా

“రెండు చేతులూ పైకెత్తమను,” అంది డాక్టర్ అర్చన ఫోనులో.

ఆసుపత్రి గేటు బయట ఆగిన ఆటోకి అల్లంత దూరంలోనే నిలబడి, కొత్తగా చేరిన వాచ్‌మన్ పుల్లారావు ఆ మాటే గట్టిగా చెప్పాడు. వెనక సీట్లో ఒరిగిపోయిన మనిషి ఎడమ చెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

“ఒకటే లేచింది మేడం.”

“మాట?”

“ఏందో అంటన్నాడు. మాస్కులోంచి ముద్దముద్దగా వస్తంది.”

“ఎప్పుడు మొదలైందట?”

ఆటో నడిపే అక్రం అందుకున్నాడు. “నా కళ్ళముందేనన్నా. మార్కెట్ యార్డు కాడ బండి మీద పోతా పోతా పక్కకి ఒరిగి పడ్డాడు. అరగంట కూడా కాలా. నెత్తురొస్తంటే నా తువ్వాలే తలకి చుట్టా.”

“పేరేంది?” అన్నాడు పుల్లారావు.

“నాకేం తెలుసు? ఫోను చూద్దామంటే బండి కింద పడి నుజ్జయింది.”

అర్చనకు ప్రాణం లేచొచ్చింది. పక్షవాతం వచ్చినవాళ్ళు కరోనా భయంతో ఇళ్ళలోనే దాక్కుని, ఏ నాలుగో రోజునో మంచం మీద మోసుకొస్తున్న కాలమది. ఇంత త్వరగా వచ్చింది ఇతనొక్కడే. స్కాన్ తీసి, మెదడులో రక్తనాళం చిట్లలేదని తేలితే చాలు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. మనిషి తన కాళ్ళ మీద ఇంటికి పోతాడు.

“స్కాన్ గది సిద్ధమయ్యాకే లోపలికి పంపు పుల్లారావ్. ఆటో దిగితే నేరుగా మిషను మీదికే. మధ్యలో ఎక్కడా ఆగకూడదు.”

ఆ నియమం ఆమే పెట్టింది. అందుకే నరసరావుపేటంతా జ్వరాలతో మూలుగుతున్నా ఆమె వార్డులోకి కరోనా అడుగుపెట్టలేదు.

“జుబేర్ ఏడీ?” అని నర్సు యశోదను అడిగింది.

“రాలేదు మేడం. ఫోను స్విచ్ఛాఫ్.”

స్కాన్ తీసేవాళ్ళలో ఇద్దరు కరోనాతో మంచం పట్టారు. మిగిలింది జుబేరే.

“నిన్న తలనొప్పంటూ సెలవడిగాడు. కుదరదన్నాను. ఇవాళ అడక్కుండానే తీసుకున్నాడన్నమాట.”

“రెండు డ్యూటీలు చేసి అలిసిపోయాడేమో మేడం. ఇంటికి మనిషిని పంపనా?”

“పంపు. ఉద్యోగం కావాలో వద్దో తేల్చుకోమను.”

గేటు దగ్గర ఆ మనిషి ఎడమ చేత్తో ఆసుపత్రి లోపలికి చూపించాడు. మళ్ళీ చూపించాడు.

“తెలుసులేవయ్యా, లోపలికే. స్కానాయన రావాల గదా,” అన్నాడు పుల్లారావు.

అతను తల అడ్డంగా ఊపాడు. ఆటో కమ్మీని చేత్తో దబదబా బాదాడు.

“చానా కోపం నీకు. మాకంటే తొందరా ఏంది?”

“అన్నా, గుంటూరు తీసుకుపోనా?” అన్నాడు అక్రం. “కళ్ళెమ్మట నీళ్ళు కారతన్నాయి.”

పుల్లారావు ఫోను చేసి అడిగాడు.

“వద్దు. గుంటూరు చేరి, అక్కడ బెడ్డు దొరికేసరికి పుణ్యకాలం దాటిపోతుంది,” అంది అర్చన. “జుబేర్ వస్తే ఐదు నిమిషాల పని.”

జుబేర్ ఇంటికి వెళ్ళిన మనిషి తిరిగొచ్చాడు. ఇంటికి తాళం వేసి ఉందట.

“ఊరొదిలి పారిపోయాడు,” అంది అర్చన. రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదని అప్పటికప్పుడు జుబేర్ ఫోనుకి మెసేజ్ పెట్టింది.

మళ్ళీ గేటునుంచి ఫోను.

“ఇప్పుడు నిమ్మళించాడు మేడం. గోల చెయ్యట్లా. నిద్రపోతన్నాడు.”

అర్చన ఫోను పక్కన పడేసింది. పీపీఈ కిట్టుతోనే మెట్లు దిగి పరుగెత్తింది. వెనకే యశోద. ఆటోలోకి వంగి అర్చన అతని కనురెప్ప ఎత్తి టార్చి వేసింది. కనుపాప కదల్లేదు. యశోద తువ్వాలు విప్పి, మాస్కు కిందికి లాగింది.

ఆటోలో ఉన్నది జుబేర్.