పొత్తిళ్ళలో రాయబారి

సుచిత్ర గబుక్కున వంగి అత్తగారి కాళ్ళ మీదున్న పిల్లను ఎత్తేసుకుంది. పదకొండు రోజుల పసికందు. ఒళ్ళంతా నూనె మర్దన చేసి, చెవుల్లో కూడా రెండు చుక్కలు వేయబోతోంది రుక్కమ్మ.

“చెవులల్ల నూనె పొయ్యొద్దని నర్సమ్మ చెప్పింది అత్తమ్మా.”

“నీ మొగనికి గూడ నేనే పోసిన. వానికేమన్న ఇనవడ్తలేదా?”

“ఒక్కోపారి ఇనవడ్తలేదు” అనేసింది సుచిత్ర.

పిల్లను చూడవచ్చిన చుట్టాలు పకపకా నవ్వారు. రుక్కమ్మ నూనెగిన్నె పక్కకు నెట్టి లేచింది. ఇకమీదట ఈ కోడలితో మాట్లాడితే తన పేరు రుక్కమ్మే కాదంది. అదేదో తనకూ హాయేనంది కోడలు.

గుండ్లపోచంపల్లిలో అట్టపెట్టెల కంపెనీ నుంచి సాయంత్రం మేడ్చల్ చేరిన సుచిత్ర భర్త బాలేష్‌కు ఇల్లు చిన్నబోయి కనిపించింది. అతనికి మాటలు తక్కువ. వచ్చి, తిని, టీవీ ముందు కూర్చునే రకం. పిల్లను ఇంతవరకు ఎత్తుకోనేలేదు, ఎక్కడ జారిపోతుందోనని భయం. ఆడవాళ్ళ తగువు వాళ్ళే తీర్చుకుంటారులే అని ఊరుకున్నాడు.

మర్నాడు డ్యూటీ నుంచి రాగానే సుచిత్ర అతన్ని కూర్చోబెట్టింది. పొద్దున నర్సు రోజారాణి ఇంటికి వచ్చి చూసి వెళ్ళిందట. పిల్ల మెదడు అల్లుకునేది ఇప్పుడేనట. ఒళ్ళు నిమరాలి, జోలపాడాలి, మొహంలో మొహం పెట్టి మాట్లాడాలి, మాటాపలుకూ లేని ఇల్లు పసిపిల్లకు మంచిది కాదని చెప్పిందట. బాలేష్ గుండెలో రాయి పడింది. ఇంట్లో ఉన్న రెండు నోళ్ళూ సరిగ్గా ఇప్పుడే మూతపడ్డాయి మరి.

ఇంతలో సుచిత్ర పిల్ల మొహంలోకి వంగి, “బిడ్డా, చారుల ఉప్పేసిందా అని మీ అవ్వనడుగు” అని, మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించి పిల్లను అతని చేతుల్లో పెట్టింది.

బాలేష్ గాజుబొమ్మను మోసినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. “అమ్మా, చారుల ఉప్పు...” అనబోతే రుక్కమ్మ మొహం తిప్పేసుకుంది. కొడుకుతో కూడా తనకు మాటల్లేవంది. చెప్పాల్సింది ఏదున్నా మనవరాలే చెప్పాలంది.

బాలేష్ అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకుని, పిల్ల మీదికి వంగాడు. “బిడ్డా... చారుల ఉప్పేసిందా అని అవ్వనడుగు.”

పిల్ల కళ్ళు గుండ్రంగా తెరిచి అతని మీసాల వైపే చూసింది.

“వేసిన అని చెప్పు తల్లీ” అంది రుక్కమ్మ మనవరాలితో. “నాలుక మంచిగ లేనోళ్లకు తెల్వదని గూడ చెప్పు.”

రెండో ముక్క మింగేసి మొదటి ముక్క మాత్రమే సుచిత్రకు చేర్చాడు బాలేష్.

అది మొదలు. ఉతికిన గుడ్డలు ఎక్కడున్నాయో, రేపు ఏం కూర వండాలో, అన్నీ పిల్ల చెప్పాల్సిందే, పిల్ల వినాల్సిందే. ఉత్తిగా చెబితే పిల్ల ఆవలించేది. రాగం తీసి, కనుబొమలెగరేసి చెబితే నోరు తెరుచుకుని వినేది. అందుకని బాలేష్ రాగాలు నేర్చుకున్నాడు. ఆలస్యమైతే ఇంట్లో ఏం కొంప మునుగుతుందోనని నేరుగా ఇంటికే వచ్చేవాడు. టీవీ మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉండిపోయింది.

ఒకరోజు, గోలీ వేసుకున్నావా అని మీ అమ్మనడుగు అంటూ ఉండగా, పిల్ల “ఊ” అంది. బాలేష్ ఆగిపోయాడు. మళ్ళీ అన్నాడు. పిల్ల మళ్ళీ “ఊ” అని, బోసినోరు విప్పి నవ్వింది. ఏ కబురు ఎవరికి చెప్పాలో మరిచిపోయి నడింట్లో అలాగే నిలబడ్డాడు. మర్నాడు కంపెనీలో కనిపించినవాడికల్లా ఆ సంగతే చెప్పాడు.

పిల్లకు రెండు నెలలు నిండాయి. రోజారాణి మళ్ళీ వచ్చింది. ఎర్రగుడ్డ ఒకటి అటూ ఇటూ ఆడిస్తే పిల్ల కళ్ళు దాని వెంటే తిరిగాయి. పలకరిస్తే ఊకొట్టింది. పిల్ల మస్తు హుషారుగా ఉందని, ఇంత ముచ్చట ఎవరు పెడుతున్నారని అడిగింది రోజారాణి.

బాలేష్ ఇక ఆపుకోలేకపోయాడు. ఇన్నాళ్ళ కబుర్ల సంగతంతా వెళ్ళగక్కాడు. పిల్లను భుజాన వేసుకుని తల్లి వైపు, పెళ్ళాం వైపు తిరిగాడు.

“నాకేం బాధ లేదు. జిందగీ అంత గిట్లనే కబుర్లు మోస్త. కానీ రేపు దీనికి తెలివొస్తది. అవ్వ, అమ్మ మాట్లాడుకోరని తెలుస్తది. నా మొకం జూసన్న కలువుండ్రి.”

అన్ని మాటలు ఒక్క దమ్ములో అతనెప్పుడూ మాట్లాడలేదు.

సుచిత్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడు బాలేష్. రుక్కమ్మ గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. రోజారాణి రిజిస్టర్ మూసి, పాపం ఇక చెప్పేయండి అంది.

“కొట్లాడిన తెల్లారే కలిసినం రా మేము” అంది రుక్కమ్మ, నవ్వి నవ్వి నీళ్ళొచ్చిన కళ్ళు తుడుచుకుంటూ. “బిడ్డతోని నాయిన గూడ ముచ్చట వెట్టాలె అని చెప్పింది నర్సమ్మ, నీ నోరు తెరిపియ్యనీకె మాకు గిదొక్కటే ఉపాయం దొరికింది.”