గిన్నె అడుగున పేరు

చైనా రాజధాని ఛాంగాన్ కోటలో వెండి గిన్నె అడుగున చేసినవాడి పేరు చెక్కడం రివాజు. తూకం తగ్గితే వీపు పగిలేది వాడికే. వెండి మింగిందేమో అధికారి పెయ్, బెత్తం దెబ్బలకు చచ్చిందేమో కంసాలి షువెన్ వాళ్లన్న.

"చచ్చినోడి పేరుతో విందుకెలా పంపుతాంరా? గీకేసి నీ పేరు కొట్టు" అని పెయ్, అన్న చేసిన చిలకల గిన్నెను షువెన్ ముందుకు విసిరాడు.

"మళ్లీ తూకం తగ్గితే, దొరా?"

"నీకూ వీపుందిగా!"

ఆ రాత్రి పెయ్ పక్కగదిలో గురక పెట్టాడు. షువెన్ పళ్లు కొరుకుతూ అన్న పేరు గీకేసి, ఉలి కింద పెట్టాడు. అయినా ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది, అన్న కూర్చునే ఖాళీ పీట దగ్గర.

గిన్నె తిప్పి చూశాడు. గీకినచోట, అన్న చేతివాటంతోనే, 'పెయ్' అన్న పేరు తేలుతోంది. పక్కగదిలో గురక, ఉలి దెబ్బ దెబ్బకీ మూలుగైంది.

షువెన్ దీపం ఆర్పేశాడు.

"ఇంకా లోతుగా కొట్టన్నా" అన్నాడు.