డైనమో సప్పుడు

"బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతలేదన్నా. ఎర్రలైటు ఆర్తనే లేదు," అన్నాడు టాక్సీ భూపాల్. "కాళేశ్వరం పోయేటోళ్లు స్టేషన్ల కూసున్నరు. జర జల్ది సూడు."

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమానికి ముందు నుంచీ మానుకోటలో బండ్ల రోగం చెవితోనే చెప్పే మెకానిక్ మాన్‌సింగ్. నడుస్తున్న ఇంజన్ మీదికి వంగి, స్క్రూడ్రైవర్ మొన డైనమోకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు.

"బెల్టు మంచిగనే ఉన్నది, సప్పుడే లేదు. లోపల కాలినట్టుంది. డైనమో ఇప్పాలె."

బెల్టు జారుతూ కీచుమని అరుస్తోంది. ఎదుటి హోటల్లో చాయ్ తాగేవాళ్లు కూడా తిరిగి చూస్తున్నారు.

భూపాల్ ఇంజన్ ఆపి, దగ్గరికొచ్చి, అతని చెయ్యి పట్టుకొని బెల్టు మీద పెట్టాడు. బెల్టు వేడిగా, వదులుగా ఉంది.

"గీ బెల్టు గింతసేపు మొత్తుకున్నది. నీకు ఇనిపియ్యలేదా అన్నా?"

మాన్‌సింగ్ బెల్టును వేళ్లతో నొక్కి చూశాడు.

"ఎన్నిరోజుల సంది గిట్ల ఇనిపిస్తలేదు?" అడిగాడు భూపాల్. "ఇంట్ల ఎవ్వలన్న చెప్పలేదా?"

"ఇంట్ల ఎవ్వలున్నరు చెప్పెతందుకు? నా పెండ్లాం రామి సచ్చిపోయి రెండేండ్లాయె." అన్నాడు మాన్‌సింగ్. "గిన్నె సప్పుడు లేదు, గొళ్లెం సప్పుడు లేదు. ఆమె పోయిందని ఇల్లే గట్ల అయిందనుకున్న."

భూపాల్ పానా అందించాడు.

మాన్‌సింగ్ పానా తీసుకొని, డైనమోను వెనక్కి గుంజి బోల్టు బిగించాడు. భూపాల్ బండి స్టార్ట్ చేశాడు. ఎర్రలైటు ఆరిపోయింది.

మాన్‌సింగ్ ఇంజన్ వైపు చూడలేదు. భూపాల్ మొహం వైపు చూశాడు.

"సప్పుడు ఆగిందా?" అని అడిగాడు.